సైమా వేసిన తాళం

మా చెల్లెలు సైమాకు కాలు ఒకచోట నిలవడం లేదంటే పనిలో ఏదో చిక్కు పడిందని అర్థం. ఆ వారం సోమవారం నుంచీ వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పెట్టిన టీ పెట్టినట్టే చల్లారిపోయేది. కుట్టుమిషన్ ముందు జాకెట్ల గుట్ట పెట్టుకుని నేను ఎన్నిసార్లని లేచి వేడి చేయను? చివరికి చల్లటిదే తాగమన్నాను.

మార్కాపురంలో ఇంట్లోనే కూర్చుని అది చేసే ఉద్యోగమేమిటని అడిగినవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. ఫ్యాక్టరీల్లో సరుకును ఫొటోలు తీసి లోపాలు పట్టే కెమెరాలుంటాయి. వాటిని కంప్యూటర్లో బిగించిన ఒక కార్డుకు తగిలిస్తారు. ఆ కార్డుకూ కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మాట కలిపే ప్రోగ్రామే డ్రైవర్. దాన్ని రాసేది మా సైమా. మూడు కెమెరాలదాకా బాగానే నడిచింది. నాలుగోది తగిలించగానే సగం ఫొటోలు పోవడం మొదలైంది.

ఆ నాలుగో కెమెరాను కలిపింది గిద్దలూరు జీవన్ కుమార్. సైమా సిఫారసు మీదే చేరాడు, ఇంకా పర్మనెంట్ కాలేదు. తప్పు అతనిదేనని ఆఫీసంతా తేల్చేసింది. శుక్రవారంలోగా సరిచేయకపోతే పంపించేస్తామన్నారు. రోజుకు రెండుసార్లు సైమాకు ఫోన్ చేసేవాడు.

"అక్కా, నేనేం చెడగొట్టినానో నాకే అర్థం కావడంలే. నువ్వే చూడాల."

చూస్తున్నాలే అని ఫోన్ పెట్టేసి, ఇది మళ్ళీ వరండాలో పడేది.

గురువారం పొద్దున నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. మా వీధిలో మనుషులకంటే ముందే డ్రమ్ములు వరసలో నిలబడతాయి. పైపు ఒక్కటే, చేతులు మారుతూ పోతుంది. ఎదురింటి సుబ్బరత్నమ్మ డ్రమ్ము నిండింది. అయినా ఆమె పైపు మడిచి చేతిలోనే పట్టుకుని మూత వెతికింది, మూత మీద గుడ్డ కప్పింది, తాడు ముడి వేసింది. వెనక పది డ్రమ్ములు ఖాళీగా ఉన్నాయి.

సైమాకు ఒళ్ళు మండింది. "పైపు ఇచ్చేసి మూత పెట్టుకోరాదా పెద్దమ్మా? ఏందిది, అందరం నిలబడుకోని చూడాల్నా?"

"ఒకసారి అట్లనే ఇచ్చినా తల్లీ. మూత తెచ్చేలోపల ఎవరో సబ్బు చేతుల్తో బొక్కెన ముంచినారు. ఆ పొద్దు నుంచి మూత పడందే పైపు ఇయ్యను."

సైమా ఆ మూతనే చూస్తూ నిలబడిపోయింది. మా వంతు వచ్చినా కదలకపోతే నేనే వెళ్ళి పైపు అందుకున్నాను. ఇంట్లోకి వచ్చాక ఈ అక్క దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది: "ఆపా, ఆ లాక్ నాదే."

కంప్యూటర్లో ఫొటోలు పడే ఖాళీ అరల జాబితా ఒకటి ఉంటుందట. ఒకే అరను రెండు కెమెరాలు తీసుకోకుండా జాబితాకు లాక్ అనే తాళం వేస్తారు. అర దొరికిన క్షణమే తాళం వదిలేయాలి. కానీ మూడేళ్ళ క్రితం ఒకసారి ఫొటో మీద ఫొటో పడి సైమా పరువు పోయింది. కారణం వెతికే ఓపిక లేక, భయం కొద్దీ, ఆ అరను పూర్తిగా తుడిచేదాకా తాళం వదలకుండా రాసేసింది. మూడు కెమెరాలున్నన్నాళ్ళూ ఆ ఆలస్యం పైకి కనపడలేదు. నాలుగయ్యేసరికి అన్నీ తాళం కోసం కాచుకోవడంతోనే సరిపోయింది. సోమవారమే ప్రోగ్రామ్ పాత మార్పుల చరిత్ర తెరిచి చూస్తే ఆ తాళం రాసిన వరసల పక్కన తన పేరే ఉందట.

నాకు కోపం ఆగలేదు. నాలుగు రోజులు అతన్ని తిట్లు పడనిచ్చావా అని కడిగేశాను.  మార్కాపురంలో కూర్చుని ఏం చేస్తుందిలే అన్న ఆఫీసువాళ్ళ ముందే తప్పు ఒప్పుకోవడానికి దానికి మనసు రాలేదు.

సాయంత్రానికి పని తేలింది. ఫొటో మీద ఫొటో పడేలా చేసిన పాత తప్పు వేరేచోట దొరికింది. కార్డు ఫొటో రాయడం ముగించకముందే ఆ అర ఖాళీ అని జాబితాలో చేరిపోతోంది. అది సరిచేసి, తుడిచే పనిని తాళం వదిలాక జరిగేలా మార్చింది. నాలుగు కెమెరాలూ మూడు గంటలు నడిపితే ఒక్క ఫొటో పోలేదు. ఆ లాక్ రాసింది తానేననీ, జీవన్ కుమార్ దాన్ని ముట్టనే లేదనీ ఆఫీసులో అందరికీ రాసి పంపింది. అతని ఉద్యోగం నిలబడింది.

శుక్రవారం అతనే ఫోన్ చేశాడు. సైమా స్పీకర్లో పెట్టింది. థాంక్స్ చెప్పి అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పి ఉంటే గడిచిపోయేదే. మా సైమా చెప్పలేదు.

"సోమవారం."

 మా దిక్కున కాలు తొక్కినవాళ్ళను కూడా అన్నా, అక్కా అని పిలిచే తిడతారు.

"సరే మేడమ్" అన్నాడు జీవన్ కుమార్. "ఉంటాను."