ఆలేరు బండిలో నా వంతు

యూనివర్సిటీ పక్కనే, తార్నాకలో మా పెదనాన్న కొడుకు తన ఇంటి వెనక గది ఊరికే ఇస్తానన్నాడు. ఒకప్పుడు పదిమందికి నీడనిచ్చిన ఇల్లు మాది. ఒకరి పంచన ఉండలేను. ఆలేరులో తక్కువ అద్దెకు ఒక ఇల్లు చూసి, యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగానికి అక్కడి నుంచి రోజూ రాగలనో లేదో చూద్దామని, ఒక పొద్దున ఆ ఊళ్లో ప్యాసింజర్ ఎక్కాను.

సీట్లన్నీ నిండాయి. జరగమని ఎవరినీ అడగలేక నిటారుగా నిలబడ్డాను. భువనగిరిలో, జనగామ నుంచి కూర్చుని వస్తున్న ఒకావిడ టిఫిన్ డబ్బాతో లేచింది.

"కూసోండి సార్."

"వద్దమ్మా. ఆడవాళ్లను నిలబెట్టి నేను కూర్చోను."

"సార్ కొత్త, రూల్ తెల్వదు" అని పక్కనెవరో నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. "నేనేం దానం చేస్తలేను సార్. జనగామోళ్లం భువనగిరి దాకా కూసుంటం, ఆడికెళ్లి ఆలేరోళ్లు. రోజూ గిట్లనే. సాయంత్రం మీరు లేస్తరు, నేను కూసుంట."

దానం కాదు, వంతు. కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ఆలేరులో చూసిన ఇల్లు ఖాయం చేసుకోవడానికి అదే బండిలో తిరిగి వెళ్లాను. కిక్కిరిసిన పెట్టెలో వంతు ప్రకారం నేను కూర్చున్నాను, ఆవిడ నిలబడి ఉంది. భువనగిరి ప్లాట్‌ఫాం కనబడగానే, ఎవరూ చెప్పకముందే లేచాను.

"కూర్చోమ్మా, నీ వంతు."