వేరు వెళ్ళినంత మేర

మా కొండకు మొదటి దెబ్బ చిన్న సుత్తితో పడింది. సాలూరు నుంచి వచ్చిన గనుల బ్రోకరు జీడిచెట్ల మధ్య పైకి పొడుచుకొచ్చిన బండ మూలను పగలగొట్టి, విరిగిన ముఖం మీద తన సీసాలో నీళ్ళు పోశాడు. బూడిదరంగు రాయి తడిసి నల్లబడింది. లోపల నీలం చుక్కలు మెరిశాయి. ఆ ముక్కను మా నాన్న అరచేతిలో పెట్టి అన్నాడు.

"పెట్టి నిండా సొమ్మెట్టుకుని, ఇన్నాళ్ళూ మూత మీద మొలిసిన గడ్డి మేసినారు మావా మీరు."

నాన్న నవ్వలేదు. రాతిముక్కను లుంగీ మడతలో దోపుకున్నాడు.

పక్క కొండ అప్పటికే కొన్నేళ్ళుగా పేలుతోంది. మధ్యాహ్నం విజిల్ వేస్తారు, ఎర్రజెండా ఊపుతారు, తరువాత భూమి కింద నుంచి ఎవరో తన్నినట్టు ఉంటుంది. మా అటక మీది గిన్నెలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. వంటింటి గోడ బీటలో నా చిటికెనవేలు దూరుతుంది. ఒకసారి ఎగిరొచ్చిన రాయి మా వీధిలో కట్టేసిన మేక నడుం విరగ్గొట్టింది. అది అరుపు ఆపేదాకా ఎవరూ దగ్గరికి పోలేదు. ఆపాక కోసి వాటాలు పంచుకున్నారు. మా వాటా అమ్మ వండింది. నాకు ముద్ద దిగలేదు. నాన్న తింటూ అన్నాడు.

"దుమ్ము మనకి, డబ్బు ఆలకి. మన కొండ పేలినా పేలకపోయినా మన పూత మాడిపోతాది. ఇంకేటి కాపలా కాస్తాం?"

ఆ మాట అబద్ధమని నేను అనలేను. తెల్లటి రాతిపొడి పూత మీద పేరుకుని, ఆ ఏడు మా చెట్లకు సగం కాపు కూడా రాలేదు. గనుల వాళ్ళకు లీజు కావాలంటే పట్టాదారు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. నాన్న పెట్టడానికి సిద్ధపడ్డాడు. అడ్డం వచ్చింది ఒక్క మా మేనత్త.

మా ఊళ్ళో కొండతోటల్ని నేల కొలిచి పంచుకోరు. రాళ్ళనేలను కొలిచి ఏం చేసుకుంటారు? చెట్లను పంచుకుంటారు. అత్త పెళ్ళికి మా తాత పసుపుకుంకుమ కింద తూర్పువైపు జీడిచెట్లు ఇచ్చాడు. ఇవ్వడమంటే, ఆమె చేయి పట్టుకుని ఒక్కో మాను తాకించి, మాను చుట్టూ సున్నంతో పట్టీ గీయడమే. కాగితం రాయలేదు. పట్టా నాన్న పేరునే ఉండిపోయింది. మామ పోయాక, పిల్లలు లేని అత్త మా వీధి చివరింట్లో ఉంటూ ఆ జీడిపిక్కలు అమ్ముకునే బతుకుతోంది. రెండు చెట్ల కొమ్మలు కలిసినచోట రాలిన పిక్క ఎవరిదని అన్నాచెల్లెళ్ళు ఏటా వేసవిలో తిట్టుకునేవాళ్ళు. ఊరంతా పని ఆపుకుని వినేది. అందులో నిజంగా కోపం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అత్తను ఒప్పించడానికి నాన్న ఆమెను మా అరుగు మీదికి పిలిచాడు. బ్రోకరు కూడా ఉన్నాడు.

"సెట్టుకింతని ఇచ్చెత్తానే. ఎండిపోయినదానికీ ఇత్తాను" అన్నాడు నాన్న.

"సెట్టుకిత్తావు సరే. దాని కింద రాయికో?"

"రాయి నీదెప్పుడైనాది? నాన్న నీకిచ్చింది సెట్లు."

"ఇచ్చినప్పుడు యేర్లు కోసీసి ఇచ్చినాడేటి? సెట్టు నాదైతే యేరూ నాదే. యేరు ఎంత లోతుకెల్తే అంత లోతూ నాదే. యేరు లేని సోటు సూసుకుని తవ్వుకో, నానొద్దన్ను."

బ్రోకరు నవ్వాడు. "అమ్మగారు లా సదివినట్టున్నారు."

"నీ సుత్తి నీ నెత్తినెట్టుకుని పో. మా అన్నా నానూ మాటాడుకుంతన్నాం."

నాన్న ఎదురుగా ఉన్న పీటను కాలితో తన్నాడు. అది వెళ్ళి అత్త మోకాలి కింద ఎముకకు తగిలింది. అత్త కాలు పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. తరువాత పీటను నిలబెట్టి, దానిమీదే కూర్చుంది.

"ఇరగలేదన్నియ్యా. ఇంకోపాలి తన్ను."

చెట్లే లేకపోతే వేర్ల మాటే ఉండదని నాన్న వాటిని కొట్టించబోయాడు. చెట్లు కొట్టేవాళ్ళు రంపం మిషనుతో వచ్చిన పొద్దున అత్త మాకంటే ముందే కొండ మీద ఉంది. జీడికొమ్మలు నేల మీదికి వంగి పాకుతాయి కదా, అలాంటి కొమ్మ మీద కూర్చుని, ఒళ్ళో కత్తి పెట్టుకుంది. కొట్టేవాళ్ళు మిషను ఆపేశారు. ఆడమనిషి కూర్చున్న చెట్టును కొయ్యలేమన్నారు. నాన్న ఒక్కడే ముందుకు వెళ్ళాడు.

"దిగు."

"దిగను."

ఆయన ఆమె కొప్పు పట్టి లాగాడు. కింద పడుతూనే ఆమె కత్తి వేటు వేసింది. నాన్న ముంజేయి తెరుచుకుంది. ముందు తెల్లగా ఏదో కనిపించింది, తరువాత రక్తం వచ్చింది. ఆయన దానివైపు చూడలేదు. కింద పడున్న దుడ్డుకొమ్మ అందుకుని కొట్టాడు. చప్పుడుకు కొమ్మ విరిగిందనుకున్నాను. విరిగింది అత్త మోచేయి. రెండో దెబ్బకు అమ్మ పరిగెత్తి అత్త మీద పడింది. ఆ దెబ్బ అమ్మ వీపు మీద పడింది. మూడోసారి కొమ్మ పైకి లేచింది గానీ రక్తానికి జారి, చేతిలోంచి పోయింది.

నా దగ్గర ఉన్నది ఒక్క చున్నీ. ఎవరికి కట్టాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను. అత్త నేల మీద నుంచే అరిచింది.

"ముందల ఆడికి కట్టే గుంటా. రగతం పోతంది."

బ్రోకరు జీపులోనే ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వెనకసీట్లో అన్నా చెల్లెలూ పక్కపక్కనే, మధ్యలో ఇరుక్కుని నేను. సగం దారిలో అత్త పళ్ళబిగువున మాట్లాడింది.

"నాను సెట్టు మీంచి పడిపోనాను. నువ్వు కొమ్మ నరుకుతుంటే కత్తి జారినాది. ఇనిపించినాదా?"

నాన్న కళ్ళు తెరవకుండానే తల ఊపాడు. ఆసుపత్రిలో కానిస్టేబులు వచ్చి వేర్వేరుగా అడిగాడు. ఇద్దరూ అదే చెప్పారు. అమ్మ తన వీపు సంగతే ఎత్తలేదు. ఇంటి రక్తాన్ని స్టేషను మెట్లు ఎక్కించకూడదని మావాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. వరండాలో ఇదంతా విన్న బ్రోకరు కొబ్బరిబొండాలు కొట్టించుకొచ్చి అందరికీ ఇచ్చాడు.

"మంచి కుటుంబం మావా మీది" అన్నాడు.

అతనికి అంత సంతోషం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. తరువాత రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్‌ఐ గారూ సర్వేయరూ కొండ మీదికి విచారణకు వచ్చినప్పుడు అర్థమైంది. అత్త పిండికట్టు చేత్తోనే కొండెక్కి, తన వేర్ల సంగతి చెప్పింది. ఆర్‌ఐ గారు ఓపికగానే విన్నారు.

"కాగితం ఉందా అమ్మా?"

"నేదు బాబూ."

"పోనీ, ఈ తోట గురించి మీకూ మీ అన్నకూ ఎప్పుడైనా గొడవైందా? కేసుగానీ, ఊరి పెద్దల తగవుగానీ? అది ఉన్నా వివాదం అని రాస్తాను, లీజు ఆగుతుంది."

అత్త తన కట్టు వైపు చూసుకుంది. నాన్న ముంజేతి మీద ఎర్రగా ఉబ్బిన కుట్ల వైపు చూసింది.

"నేదు బాబూ."

"మరి ఆ చెయ్యి?"

"సెట్టు మీంచి పడిపోనాను."

ఆయన రాసుకున్నారు. బ్రోకరు కాయితాల సంచి విప్పాడు. రేపు వారసుల పేచీ రాకూడదని పట్టాదారు పిల్లల సంతకం కూడా కావాలట. నేనొక్కదాన్నే. నాన్న నాకు పెన్ను ఇచ్చాడు.

ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదివిన రెండేళ్ళలో తరగతిలో లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగిన జ్ఞాపకం నాకు లేదు. ఇంట్లో కూడా నేను చెప్పాలనుకున్నవి రాత్రిళ్ళు డైరీలోకి పోతాయి. ఆ రోజు మాత్రం అందరూ నా చేతి వైపే చూస్తున్నారు. రాయడం కాక ఇంకేదైనా చెయ్యాలనిపించింది.

"అత్త పడలేదండీ. ఈ చెట్లు కొట్టనివ్వనంటే నాన్న దుడ్డుకొమ్మతో కొట్టాడు. నాన్న చేతిని అత్తే నరికింది. నేను చూశాను. నేను సంతకం పెట్టను."

దెబ్బ నాన్న దగ్గర్నుంచి వస్తుందని కళ్ళు మూసుకున్నాను. వచ్చింది అత్త దగ్గర్నుంచి, బాగున్న చేత్తో. పెదవి పంటికి తెగి నోరంతా ఉప్పగా అయింది.

"నా అన్నని జైల్లో ఎట్టిత్తావేటే, సదువుకున్న ముండా?"

రెండోసారి చెయ్యెత్తితే సర్వేయరు అడ్డుపడ్డాడు. ఆమె నన్ను వదిలి ఆర్‌ఐ గారి మీదికి వెళ్ళింది. గుంట పిచ్చిది, పుస్తకాలు చదివి మతి పోనాది, దాని మాట రాయకండి బాబూ అని ఒంటిచేత్తో దండం పెట్టింది.  ఆయన ఎవరు ఎవర్ని కొట్టారో రాయలేదు. కుటుంబంలో వివాదం ఉందని, వారసురాలు ఒప్పుకోలేదని రాసి కాయితాలు మడిచేశారు. నాన్న నా చేతిలోంచి పెన్ను తీసుకుని, మూత పెట్టి, బ్రోకరుకు ఇచ్చాడు.

"ఇంట్లో పాముని మేపుతున్నావు మావా" అన్నాడు బ్రోకరు, కొండ దిగుతూ.

 ఆ రోజు నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. అత్తా అంతే. వాళ్ళిద్దరూ మాత్రం మాట్లాడుకుంటున్నారు. అత్త మోచేయి ఇక వంగదు. బిందె ఎత్తలేదు, గంజి వార్చలేదు. అందుకని మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికే వస్తుంది. నాన్న చేపకు ముళ్ళు తీసి ఆమె కంచంలో పెడతాడు. ఎందుకురా అన్నియ్యా అంటూనే ఆమె తింటుంది. పక్క కొండ పేలినప్పుడు ఇద్దరూ ఒకేసారి కంచాల మీద చెయ్యి కప్పుతారు, పైకప్పు మట్టి అన్నంలో పడకుండా.

కాయితాలు ఇంకా బ్రోకరు దగ్గరే ఉన్నాయి. నేను సంతకం పెడితే వాటిని మళ్ళీ కదుపుతానని కబురు చేస్తుంటాడు. మొన్న కూడా చేశాడు. అన్నం దగ్గర నాన్న నా వైపు చూడకుండా అమ్మతో అన్నాడు.

"దాన్నడుగు, ఇప్పుడైనా ఎడతాదేటో."

నాకు ఎదురుగా కూర్చున్న అత్త కూడా అమ్మతోనే అంది.

"దానికి సెప్పు వదినా, ఎట్టీగల్దు. ఎట్టొద్దను."

అమ్మ గరిటె పట్టుకుని మధ్యలో నిలబడింది. పెట్టనని చెప్పమన్నాను.  ఆమె నాన్నకు పులుసు వేసి, అత్తకు వేసి, గిన్నె నా వైపు తెచ్చింది.