రాని టర్బో కోసం సిద్ధం చేసిన ఇంజను

మా దీవిలో హాడో రేవు నుంచి పైకెళ్ళే రోడ్డు సగంలో మా కారు ఆగిపోయింది. అప్పటికి పది నిమిషాల ముందే భూమి కదిలింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. ఇంజను తెల్లటి పొగ వదిలి, వణికి, ఊరుకుంది. ముందు సీట్లో నా భార్య, వెనక పిల్లలిద్దరూ, వాళ్ళ పక్కన మా అత్తగారు. మా వెనక ఆటోలు, స్కూటర్లు ఒకదాన్నొకటి ఆనుకుని హారన్లు కొడుతున్నాయి. పక్కకు తప్పుకునే చోటు లేదు, వెనక్కి దిగే చోటూ లేదు. నా భార్య పిల్లల్ని దింపి, చెరో చెయ్యి పట్టుకుని నడక మొదలుపెట్టింది. అత్తగారు నడవలేరు, మోకాళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. నేను బ్రేకు మీద కాలు పెట్టి ఆవిడతో కూర్చున్నాను. అద్దంలో జెట్టీ, దాని అవతల సముద్రం కనబడుతున్నాయి.

ఆ కారు కొన్నదే ఆవిడ కోసం. సునామీ ఉదయం ఆవిడను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ, పొరుగాయనా ఇదే ఎత్తు మీదికి మోసుకెళ్ళాం. మూడుచోట్ల దింపుకున్నాం. ఇంకోసారి ఇలా కుదరదని నా భార్య ఆ రోజే అంది. ఆమె టీచరు. ఆమెకిచ్చిన క్వార్టరు కింద రేవు దగ్గరే ఉంది, ఎత్తు మీద ఉన్నవాటిలో ఖాళీ లేదు. అందుకని ఒక పాత డీజిల్ కారు తీసుకున్నాం. అందరం కూర్చుంటే ఫస్టు గేరులో ఈడ్చుకుంటూ ఎక్కేది. కానీ ఎక్కేది.

డైరీ ఫార్మ్ అనే పేటలో షెడ్డు నడిపే మెకానిక్ దీవుల్లోనే పుట్టినవాడు, తాతలది శ్రీకాకుళం వైపు. ఇదే ఇంజనుకు టర్బో ఉన్న రకం కూడా ఉందని, ఆ సామాను బిగిస్తే ఎంతమందినైనా లాగుతుందని చెప్పాడు. టర్బో గాలిని బలంగా లోపలికి నెడుతుంది కాబట్టి ముందు పిస్టన్లు మార్చాలి, గాలిని తక్కువగా నొక్కేవి వెయ్యాలి. అన్నీ చెన్నై నుంచి ఓడలో రావాలి. పిస్టన్లు ముందొచ్చాయి. టర్బో తర్వాతి ఓడలో అన్నారు.

ఇక్కడ మాకందరికీ ఒక అలవాటు. ఓడలో ఏది దిగితే ఆ పని ముందు చేసేస్తాం. గోడ లేవకముందే కిటికీ చట్రాలు నిలబెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఆగుదామా అని మెకానిక్ అడిగాడు. ఎలాగూ ఇంజను విప్పి ఉంది, బిగించెయ్యమన్నది నేనే.

అతను చెప్పలేదనడానికి లేదు. "టర్బో వచ్చీదాకా జరా డల్‌గుంటాది భయ్యా" అన్నాడు. టర్బో నెట్టే గాలి లేకపోతే ఆ పిస్టన్లతో ఇంజనుకు పాత బలం కూడా ఉండదు. ఆ డల్ ఎంతో నేను అడగలేదు. ఊళ్ళో వాళ్ళను రోజూ ప్రశ్నలడిగి పత్రికకు వార్తలు పంపేవాణ్ణి, ఆ ఒక్కటీ అడగలేదు. ఇంట్లో మాత్రం ఇంజను తయారైందని చెప్పాను.

కారు ఆగిన ఆ మధ్యాహ్నం సముద్రం రాలేదు. కారులో ఉన్నంతసేపూ అత్తగారు ఒక్క మాటే అన్నారు.

"మీరు దిగి పిల్లల దగ్గరికి వెళ్ళిపోండి బాబూ."

నేను దిగలేదు. దిగాలనిపించలేదని మాత్రం చెప్పలేను.

చివరికి రద్దీ తగ్గాక ఆటోవాళ్ళు నెట్టి కారును పక్కన పెట్టారు. నా భార్య కిందికి వచ్చి, ముందు వాళ్ళమ్మను చూసి, తర్వాత బానెట్ వైపు చూసింది.

"తయారైన ఇంజను మనుషుల్ని మొయ్యదాండీ?"

మర్నాడు పాత పిస్టన్లే మళ్ళీ వెయ్యమని షెడ్డుకు వెళ్ళాను. మెకానిక్ తల గోక్కున్నాడు. "అవి తుక్కులో ఎల్లిపోనాయి భయ్యా. మన పిస్టన్లు తెచ్చిన జహాజ్‌లోనే చెన్నై పోనాయి." టర్బో మాత్రం వచ్చే ఓడలో పక్కా అన్నాడు.

తర్వాత ఓడలు చాలానే వచ్చాయి. సునామీలో ఇళ్ళు పోయిన దక్షిణ దీవులకు కావలసిన రేకులు, సిమెంటు, చెక్క ముందు దింపేవారు, మా టర్బో లాంటి మిగతా సరుకు తర్వాతి ఓడకు వాయిదా పడేది. దాన్ని తప్పుపట్టలేం. పైన క్వార్టరు కోసం పెట్టిన దరఖాస్తు ఆఫీసులో ఉంది. నేలలో చిన్న అదురు వచ్చినా అత్తగారు మంచం పట్టె గట్టిగా పట్టుకుంటారు, మాకేసి చూడరు. కారు డైరీ ఫార్మ్ షెడ్డులో ఉంది. ఆవిడ ఇంకా కింద క్వార్టరులోనే ఉన్నారు.