ఒక్కరోజు హెడ్మాస్టర్

మా బళ్లో సంఘాలకు కొదవ లేదు. సాహిత్య సంఘం, సైన్స్ క్లబ్, పర్యావరణ క్లబ్, ఆరోగ్య క్లబ్, ఇంకా నాకే గుర్తుండనివి రెండు మూడు. అన్నీ ఒకే రిజిస్టర్లో ఉంటాయి, అన్నింట్లోనూ ఇంచుమించు అదే పదిహేను మంది పిల్లల పేర్లే. ఫోటో పంపమని పైనుంచి మెసేజ్ వస్తే పిల్లల్ని జెండా గద్దె దగ్గర నిలబెట్టి, చేతికొక మొక్కో అట్టముక్కో ఇచ్చి, ఫోటో తీసి గ్రూపులో పెడతాం. దాంతో ఆ నెలకు క్లబ్బు నడిచినట్టే. నేను సోషల్ టీచర్ని కాబట్టి విద్యార్థి సంఘం నా నెత్తిన పడింది. మిగతావి ఎలా ఏడ్చినా నాది మాత్రం నిజంగా నడవాలని నాకు పట్టుదల. నేను పుట్టింది కోదాడ, మొదట ఉద్యోగం చేసింది మిర్యాలగూడ దగ్గర, ఇప్పుడు కాపురం సూర్యాపేట. ఎక్కడికి పోయినా ఈ పట్టుదలా, ముక్కు మీది కోపమూ నాతోనే వచ్చాయి.

ఏడాదికోసారి స్వపరిపాలన దినోత్సవం చేస్తాం. ఆ రోజు పిల్లలే టీచర్లు. ఆడపిల్లలు అమ్మల చీరలు కట్టుకొని, మగపిల్లలు అన్నల ప్యాంట్లు బిగించుకొని వస్తారు. పొద్దున ఒక గంటసేపు నాకు కుచ్చిళ్లు సర్దడం, పిన్నీసులు పెట్టడంతోనే సరిపోతుంది. ఒక ఏడు హెడ్మాస్టర్ కుర్చీలో కూర్చున్నది తొమ్మిదో తరగతి అమ్మాయి. విద్యార్థి సంఘం ఎన్నికలో చీటీల మీద ఓట్లు వేయిస్తే అందరికంటే ఎక్కువ వచ్చినవి ఆమెకే. వాళ్లమ్మ మిరపతోటల్లో కూలికి పోతుంది. పిల్ల మాట తక్కువ, పని ఎక్కువ.

ప్రార్థన దగ్గర మైకు దొరికేసరికి నాకు పూనకం వచ్చింది. "ఈ రోజు ఈ బడి మీది. ఇది ఆట కాదు. హెడ్మాస్టర్ ఏ ఆర్డర్ రాస్తే అది అందరం పాటించాలి, మాతో సహా" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అసలు హెడ్మాస్టర్ గారు కూడా నవ్వుతూ కొట్టారు.

మిగతా పిల్లలు బెత్తాలు పట్టుకొని మమ్మల్ని అనుకరిస్తూ నవ్వులాటలో ఉంటే, ఆ అమ్మాయి నన్ను నోటీసు పుస్తకం అడిగింది. ఇచ్చాను. చాలాసేపు ఆలోచించి రాసింది. రేపటి నుంచి తరగతి గదులు ఒకరోజు ఆడపిల్లలు, ఒకరోజు మగపిల్లలు ఊడవాలి. రేపు మగపిల్లల వంతు. కింద పేరు, దాని కింద ప్రధానోపాధ్యాయురాలు అని.

మా బడికి ఊడ్చే మనిషి లేక ఏళ్లయింది. పొద్దున్నే ఆడపిల్లలు ముందుగా వచ్చి గదులన్నీ ఊడుస్తారు. మగపిల్లలు గంట కొడతారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. నేను చేరిన రోజు నుంచి చూస్తూనే ఉన్నాను, రోజూ చూసేది కంటికి ఆనదు. పిల్ల రాసేదాకా నాకూ ఆనలేదు, ఆ మాట దాచుకోను. చదివి పొంగిపోయాను. నోటీసు అన్ని తరగతులకూ తిరిగింది. టీచర్లందరం సరదాగా సంతకాలు పెట్టాం. మొదటి సంతకం నాది. ఆ పేజీకి ఫోటో తీసి గ్రూపులో కూడా పెట్టాను.

మర్నాడు నేను ఆటో దిగేసరికి వరండా నిండా ఆడపిల్లలు కూర్చొని ఉన్నారు. చీపుర్లు గోడకు ఆనించి ఉన్నాయి. మగపిల్లలు గ్రౌండులో కబడ్డీ ఆడుతున్నారు. గదుల్లో నిన్నటి కాగితాలూ దుమ్మూ అట్లాగే ఉన్నాయి. హెడ్మాస్టర్ గారు వరండాలో నిలబడి ఉన్నారు.

"ఏందమ్మా, ఇంకా ఊడ్వలే?" అని ఆ అమ్మాయిని అడిగారు.

"ఇయ్యాల మొగపిల్లల వంతు సార్. నోటీసుల రాసినం గద" అంది. గొంతులో పొగరు లేదు, బెరుకూ లేదు.

ఆయన చెడ్డవారు కాదు. నన్ను పక్కకు పిలిచారు. "మేడమ్, నిన్నటిది నిన్ననే ఖతం. రేపు ఎవని తండ్రో వచ్చి మా పిలగానితోని చీపురు పట్టిస్తరా అని నిలవడితే ఎవరు జవాబు చెప్తరు? మీరే జర సముదాయించుండ్రి."

నేను పిల్లల దగ్గరికి వచ్చాను. ఆ అమ్మాయి అప్పటికే లోపలికి పోయి నోటీసు పుస్తకం తెచ్చింది. ఆ పేజీ తీసి నా ముందు పట్టింది. "మీరు గూడ సంతకం పెట్టిన్రు మేడమ్" అంది. తప్పు పట్టినట్టు కాదు. నా సంతకం ఉంది కాబట్టి నేను తన వైపే ఉంటానని, ధైర్యంగా చూపించింది.

ఆ పిల్లకు ఒక్క మాట సాయం చేస్తే నాకు పోయేదేమీ లేదు. ఉద్యోగం పోదు, జీతం ఆగదు. అయినా ప్రార్థనకు టైమవుతోందని, నలుగురిలో హెడ్మాస్టర్ గారితో వాదనెందుకని, ఎవరో తండ్రితో తగువెందుకని, ఇంతకంటే పెద్ద కారణం ఒక్కటీ లేకుండా, "అది నిన్నటి వరకేనమ్మా" అన్నాను.

ఆమె పుస్తకం మూసింది. దుమ్ము లేకుండా చేత్తో తుడిచి టేబుల్ మీద పెట్టింది. చీపురు తీసుకొని తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లింది. మిగతా ఆడపిల్లలు లేచి వెనకే నడిచారు. ఎవరైనా ఏమన్నా అని ఉంటే కోప్పడైనా తప్పించుకునేదాన్ని.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, మొదటి పీరియడ్ తొమ్మిదో తరగతికి నాదే. ఆ రోజు చెప్పాల్సిన పాఠం సమానత్వపు హక్కు. నేను గోడకు మ్యాపు తగిలించి నదుల గురించి చెప్పాను. ఆ అమ్మాయి ఎప్పటిలాగే ముందు బెంచీలో కూర్చొని మూసీ, కృష్ణా గీసుకుంది. హక్కుల పాఠం వారం తర్వాత చెప్పాను. నా గొంతు నాకే పగిలిన కుండ చప్పుడులా వినిపించింది.

ఏడాది తిరిగింది. ఆమె పదికి వచ్చింది. మళ్లీ స్వపరిపాలన దినోత్సవం దగ్గర పడింది. ఈసారి కూడా ఆమెనే కూర్చోబెట్టాలనుకున్నాను. నిజం చెప్పాలంటే అది ఆమె కోసం కాదు, నా కోసం. పిల్ల సరేనంటే నా తప్పు మాఫీ అయినట్టే అనుకున్నాను.

ముందురోజు సాయంత్రం బడి వదిలాక స్టాఫ్‌రూమ్‌లో నేనొక్కదాన్నే పేపర్లు దిద్దుతున్నాను. మర్నాటి వేడుకకని గది ఊడవడానికి ఆమె చీపురు పట్టుకొని వచ్చింది. ఊడుస్తుండగా అడిగాను, రేపు హెడ్మాస్టర్‌గా నువ్వే ఉండమ్మా అని.

"నాకొద్దు మేడమ్. వేరేటోళ్లకియ్యుండ్రి" అంది, తల ఎత్తకుండానే.

"ఎందుకమ్మా? నీకంటే బాగా ఎవరు చేస్తారు?"

"ఒక్కరోజుదే గద మేడమ్."

నాకు తల కొట్టేసినట్టయింది. పోయినేడు నాదే తప్పమ్మా అనాలని నోటిదాకా వచ్చింది. ఆమె కోపంగా ఉంటే అనేదాన్నేమో. ఆమెకు కోపం లేదు. నా నుంచి ఏమీ ఆశించడం లేదు, అంతే. మూలలన్నీ ఊడ్చి నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"జర కాళ్లు పైకి పెట్టుకోండ్రి మేడమ్" అంది.

నేను కాళ్లు పైకెత్తాను. ఆమె వంగి నా కుర్చీ కింద ఊడ్చింది.