టర్బైన్ నీళ్లు, క్యాంటీన్ పప్పు

ఆ రోజుల్లో నాకు తోడుండేవి రెండే: ఉద్యోగం పోతుందేమోనన్న భయం, ఎదుటివాడు దొంగేమోనన్న అనుమానం. తొంభైల్లో బోధన్ దగ్గరి ఒక చిన్న కరెంటు ప్లాంటులో కొత్తగా చేరాను. డీజిల్‌తో తిరిగే టర్బైన్ మాది, పేరుకే గ్యాస్ టర్బైన్. దాని మంట మరీ వేడెక్కితే చిమ్నీలోంచి పసుపుపచ్చని విషపు పొగ లేస్తుంది. అందుకని మంటలోకి సన్నగా నీళ్లు చల్లాలి. (మంటలో నీళ్లు పోస్తే జీతమిస్తారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.) అవి మామూలు నీళ్లు కావు, ఉప్పంతా తీసేసి శుద్ధి చేసినవి. ఆ ట్యాంకు నా బాధ్యత. అది ఖాళీ అయితే యంత్రం ఆపాలి, ఆపితే ఇంకా పర్మనెంటు కాని నన్ను ఇంటికి పంపుతారు.

చేరిన నెలకే ట్యాంకు ఉండాల్సినదానికంటే బాగా తగ్గసాగింది. నా కన్ను మా సీనియర్ ఆపరేటర్ అన్న మీద పడింది. ఆయన పొద్దున్నే రెండు క్యాన్లు నింపుకుని గోడ వెంబడి చప్పుడు లేకుండా పోతున్నాడు మరి! కంఠేశ్వర్ గుడి దగ్గరి ఆటోవాళ్లకు బ్యాటరీ నీళ్లుగా అమ్ముతున్నాడని తేల్చేసుకున్నాను. ఆయన నవ్వితే అనుమానం, నవ్వకపోతే మరీ అనుమానం. "ఏం తమ్మీ, గట్ల సూస్తున్నవ్?" అంటే "ఏం లేదన్నా" అనేసి, నేరుగా వెళ్లి ఇంజనీరు గారికి రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చాను.

ఆయన ఇద్దర్నీ పిలిచారు. అన్న తల దించుకున్నాడు. "అమ్ముకుంటలేను సార్. క్యాంటీన్ల ఇస్తున్న. మన బోరు నీళ్లకు పప్పు ఉడుకుతలేదు. ఈ పోరడు చేరిన కొత్తల కడుపునొప్పని రెండు దినాలు పండుకున్నడు."

నేను మళ్లీ మళ్లీ అడిగి వేయించుకుంటున్న మెత్తటి పప్పు అదేనా! "రెండు క్యాన్లకే ట్యాంకు ఎండుతుందా?" అంటూ ఇంజనీరు గారు నన్ను యంత్రం దగ్గరికి నడిపించారు. పసుపు పొగ వస్తుందేమోనని, చెప్పినదానికంటే ఎక్కువగా నీళ్ల వాల్వు తిప్పి పెట్టింది నేనే. దొంగ దొరికాడు.

"ఉద్యోగానికేం కాదులే. ఈ కాగితం మాత్రం నీ చేత్తో ఆయనకే ఇవ్వు" అన్నారు ఇంజనీరు గారు. అన్న రెండు పేజీలూ నిదానంగా చదివాడు. అంతసేపూ నేను నా చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను. చివరికి మడిచి జేబులో పెట్టుకుని, "అక్షరాలు మంచిగున్నయ్ తమ్మీ. ట్యాంకు రీడింగులు గూడ గింత సాఫ్‌గ రాయరాదు?" అన్నాడు.

అప్పటి నన్ను, ఆ పోరడిని, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "తప్పయింది అన్నా" అని ఆ రోజు ఒక్క మాట అని ఉంటే, ఇంకా బాగా నవ్వేవాణ్ణి.