తిరుపతిలో ఓడ కట్టిన అత్త

మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఓడల కార్ఖానాను స్థాపించి, చివరిదాకా దాని ఆలనా పాలనా చూసిన మా ఎదురింటి అత్త వినాయక చవితి మర్నాడు పోయింది. కొండ కింద ఓడల కార్ఖానా ఏమిటని మీరు అడగకముందే చెబుతాను. అది దసరా బొమ్మల కొలువులో ఉండేది. నవరాత్రుల్లో మాత్రమే పనిచేసేది. మిగతా ఏడాదంతా మంచం కింద ట్రంకు పెట్టెలో సెలవు మీద ఉండేది. అయినా అది కార్ఖానాయే. నేను అందులో ఉద్యోగిని.

వార్త మామ చెప్పాడు. మామ అంటే అత్త భర్త. పాకాల వైపు వెళ్ళే చిన్న రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. తెల్లవారగానే మా గుమ్మంలో నిలబడి, బండి ఆలస్యమని చెప్పే గొంతుతోనే, "మీ అత్త పోయిందబ్బా. నిద్దర్లోనే" అన్నాడు. మళ్ళీ తనే, "మీ అమ్మను కొంచిం కాఫీ పెట్టమను. మా ఇంట్లో పొయ్యి ముట్టించగూడదంట" అన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగని పొద్దు అంతకుముందు నేను చూడలేదు.

కొలువు అత్తది, రైలు మామది. ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరికే ఉండలేక మామ మద్రాసు నుంచి కీ ఇచ్చే రైలు తెచ్చి, కొలువు మెట్ల చుట్టూ పట్టాలు పరిచాడు. మెడలో ఈల, చేతిలో పచ్చజెండా. జెండా ఊపనిదే బొమ్మరైలైనా కదలకూడదని ఆయన నియమం. వీధి వీధంతా చూసి ముచ్చటపడింది. అత్త మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏందయ్యా ఇది, గానుగెద్దా? తిరిగినచోటే తిరగతా ఉండాది. రైలంటే ఒగ ఊరికి పోవాల. పొయ్యి ఏందో ఒగటి దింపాల."

ముప్పై ఏళ్ళ సర్వీసులో మామను అంత మాట అన్న పై అధికారి లేడు.

మా వీధి కొలువుల్లో రైలున్నా లేకపోయినా తిరుమల కొండ తప్పకుండా ఉంటుంది. ఇటుకలు, మట్టి, మొలకెత్తిన రాగులు, పైన గుడి. మామ కూడా రైలును కొండకే పంపుదామన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "కొండ తలుపు తీస్తే కనపడతాది. ఉండేదాన్ని మళ్ళా పెట్టేదెందుకు? లేనిది పెట్టాల."

తిరుపతిలో లేనిది ఏమిటని విచారిస్తే సముద్రమని తేలింది. రైలు ఓడలు కట్టే చోటికి పోవాలని ఖాయమైంది. అప్పటికి మా వీధి చిల్లర కొట్టులో ఒక క్యాలెండరు వేలాడుతుండేది. దాని మీద సగం కట్టిన ఓడ, చుట్టూ పనివాళ్ళు ఎక్కే కర్రల సారువ, పక్కన క్రేను. ఏడాది చివర అత్త కొట్టాయన దగ్గర ఆ బొమ్మ అడిగి తెచ్చుకుంది. ఆమె చదివిన నౌకాశాస్త్రం మొత్తం అదే.

క్యాలెండరు బొమ్మలో ఓడ ఒక పక్కే కనబడుతుంది. అవతలి పక్క ఏముందో తెలియదు. తెలియని చోటంతా అత్త సొంతంగా కట్టింది. ఓడ వెనక ఒక టీ బంకు, దాని పక్కన అగ్గిపెట్టెంత వినాయకుడి గుడి. ఓడల దగ్గర గుడి ఉంటుందా అని అడిగాను.

"ఏరా, కాణిపాకం సామికి దణ్ణం పెట్టుకోకుండా ఇనుం పనికి దిగతారా ఎవురైనా?"

నేను బీఎస్సీ పాసై, ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, దేశం నన్ను పిలిచేదాకా ఖాళీగా ఉన్న రోజులవి. దేశం కన్నా ముందు అత్త పిలిచింది. సారువ కట్టడానికి ఊదొత్తి పుల్లలు నున్నగా గీకడం నా హోదా. క్రేనుకు గొడుగు కమ్ములు, ఓడ ఒంటికి పాలపొడి డబ్బా రేకు, పక్కటెముకలకు నానబెట్టి వంచిన చీపురు పుల్లలు. కొలతలన్నీ ఆమె వేలి మీదే. మనిషంటే ఆమె చిటికెన వేలి కొస కణుపంత. ఎందుకంటే రైలు పెట్టె తలుపులో అంతవాడే పడతాడు. ఓడకు ఎంతమంది ఎత్తు, క్రేనుకు ఎంతమంది ఎత్తు, అన్నీ ఆ కణుపుతోనే. పక్క మెట్టు మీద పాతకాలపు శెట్టిగారి బొమ్మ మాత్రం ఓడకు రెండింతలుండేది.

"అత్తా, ఈ శెట్టి తుమ్మితే నీ కార్ఖానా కొట్టుకుపోతుంది."

"ఆయప్ప ఎన్నేండ్లుగానో తుమ్మలేదులే. నువ్వు తుమ్మకుండా ఉంటే సాలు."

కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలని ఆచారం. అత్త ఆ ఆచారాన్ని ఓడకే ఖర్చుపెట్టింది. ఒక ఏడు అడుగుదూలం, మరో ఏడు పక్కటెముకలు, తర్వాత రేకులు. రైలు ప్రతి సాయంత్రం ఆ ఏటి సరుకు తెచ్చి దించేది. మామ ఈల వేసేవాడు. పేరంటాళ్ళు గుగ్గిళ్ళు తింటూ, "ఇంగా కాలేదా అత్తా నీ ఓడ?" అని అడిగేవాళ్ళు. "తొందరగా చేసేదానికి అదేమన్నా ఉప్మానా?" అనేది.

నిరుడు దసరాకు ఓడ పూర్తయింది. వాలుబల్ల మీద నిలబెట్టి, జారకుండా అగ్గిపుల్లలు అడ్డంపెట్టి, కింద ఇత్తడి తాంబాళం ఉంచింది. ఓడ ముక్కుకు దారాలు కట్టి, ఒక్కో దారానికి కణుపంత మనుషులను వరసగా నిలబెట్టింది. ఏటా గోవిందరాజస్వామి తేరు చూసే మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. అంత పెద్దది కదలాలంటే లాగాలి కదా. వచ్చే దసరాకు తాంబాళంలో నీళ్ళు పోసి దించేదని తీర్మానం.

తప్పు పట్టినవాడు మా వీధి అల్లుడు. మద్రాసు హార్బరులో పని. భార్యతో వచ్చి, చూసి, మర్యాదగానే చెప్పాడు. "ఎవురూ లాగరత్తా. అడ్డం తీస్తే అదే జారతాది. జనం పక్కన నిలబడి సప్పట్లు కొడతారు, అంతే."

"అట్లనా నాయనా" అంది అత్త. అతనికి ఇంకో దొన్నె గుగ్గిళ్ళు పెట్టింది. అతను వెళ్ళాక చాలాసేపు ఆ దారాలనే చూస్తూ కూర్చుంది. విప్పేస్తుందేమో అనుకుని నేను కత్తెర తెచ్చాను.

"కత్తెర లోపల పెట్టు. ఆ పిల్లోడు సెప్పింది నిజిమే అయ్యుంటాది. అయినా ఇన్నేండ్లు కట్టినోళ్ళు, అది పోతా ఉంటే ఊరికే నిలబడుకోని సూస్తారా? చేతులెట్ట ఊరుకుంటాయిరా?" తర్వాత మామ వైపు తిరిగి, "వచ్చే ఏడు దారాలు పొడుగ్గా కట్టాల. వీధిలో అందరికీ ఒగోటి ఇయ్యాల. నేనొక్కదాన్నే ఏం దించుతాను?" అంది.

ఆ వచ్చే ఏడు ఇదే.

మనిషి పోయిన ఇంట్లో ఏడాది కొలువు పెట్టకూడదు. ట్రంకు పెట్టె తెరవకూడదని వీధి పెద్దలు ముందే చెప్పారు. జీవితంలో ఒక్క రూలూ మీరని మామ తల ఊపాడు. తొమ్మిది రోజులూ ఊపిన తల ఊపినట్టే ఉన్నాడు. విజయదశమి సాయంత్రం మాత్రం మా ఇంటికి వచ్చాడు.

"కొలువు పెట్టనమ్మా" అన్నాడు మా అమ్మతో. "మెట్లు కట్టను, బొమ్మలు దించను, పేరంటానికి పిలవను. ఆ ఓడ బొమ్మ గాదు. మొదులుపెట్టిన పని. బండి నడిమద్దెలో నిలబడిపోతే లైనంతా ఆగిపోతాది."

అమ్మ ఆలోచించింది. "పసుపు కుంకుమ ఇయ్యగూడదు, అన్నా. దారం పట్టుకునేదానికేముంది?"

మామ ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి, కార్ఖానాను వట్టి నేల మీద పరిచాం. నా వంతుగా ఒక కొత్త మనిషిని చేశాను. నా చిటికెన వేలితో కొలిచాను కాబట్టి వాడు రాక్షసుడిలా వచ్చాడు. కొలబద్ద ఆమెతోనే పోయింది. వాణ్ణి టీ బంకు వెనక దాచాను. మా అమ్మ, కొట్టాయన, చాకలి అవ్వ, వీధి పిల్లలు, అందరూ గోడవారన కూర్చుని తలా ఒక పొడుగు దారం పట్టుకున్నారు. రైలు వచ్చి కార్ఖానా ముందు ఆగింది. మామ ఈల వేశాడు. పచ్చజెండా ఎత్తాడు. నేను అగ్గిపుల్లలు లాగాను.

ఎవరూ దారం గుంజకముందే ఓడ తనంతట తానే జారిపోయింది. అల్లుడు చెప్పింది నిజమే. తాంబాళంలో నీళ్ళు కొంచెం చిందాయి. ఓడ వంటింటి వైపు కాస్త ఒరిగి, మునగకుండా నిలబడింది.

చప్పట్లు కొడదామంటే ఎవరి చేతులూ ఖాళీగా లేవు. దారాలన్నీ వదులై నీళ్ళ మీద తేలుతున్నాయి. ఒక్కరూ కొస వదల్లేదు. మామ ఎత్తిన జెండా ఇంకా దించలేదు.