చిరిగిన మడిచీర

వెనక వంక కూడా పొంగిందని మాకు మొదట చెప్పింది మా బస్సులోనే ఉన్న గాజులమ్మే ఖాసింబీ. ముందు వంక అప్పటికే దారి మూసింది. యుద్ధం రోజులవి. మా పత్తికొండ బస్సూ, మిలిటరీవాళ్ల చిన్న లారీ ఒకటీ రెండు వంకల మధ్య చిక్కుకున్నాయి. బస్సులో మా తోడికోడలికి నొప్పులు మొదలైనాయి.

డాక్టరును రేడియోలో పిలుస్తానని లారీ సిపాయి ఏరియల్ తీగను పైనుంచి ఒక సందు గుండా డ్రైవరు గదిలోకి దించినాడు. తీగ వెంబడే వాననీళ్లూ దిగి రేడియో మీద కారుతున్నాయి.

"తడిస్తే ఇది పలకదమ్మా. పొడిగుడ్డ ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

అందరి బట్టలూ తడిసినాయి. నా మూటలో మడిచీర ఒక్కటే పొడిగా ఉంది. తటపటాయించినాను.

"ఏమమ్మా, దేవునికని దాచినావా? ఆయన కూడా ఈడనే తడుస్తాండాడు!" అంది ఖాసింబీ.

కొంగు చించి చాచినాను. సిపాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మడిబట్ట. నేను ముట్టొచ్చునా తల్లీ?"

"ముట్టు నాయనా."

తీగ చుట్టూ గుడ్డ కుక్కి సందు మూసినాడు. రేడియో పలికింది. పొద్దుగూకకముందే డాక్టరు తాడు పట్టుకొని వంక దాటి వచ్చినాడు. తల్లీబిడ్డా దక్కినారు.

చిరిగిన బట్ట పూజకు పనికిరాదంటారు. నేను ఇప్పటికీ ఆ చీరతోనే కూర్చుంటాను. ఆ సిపాయి పేరు అడగలేదు. మీరు దీపం పెట్టేటప్పుడు అతన్ని ఒకసారి తలుచుకోండి.